గ్రేంజ్ ఫామ్ అని బోర్డు ఉంటే అది సన్యాసుల పొలమేనా? ఇల్లు చూడకండి, బార్న్ చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మేము స్విండన్‌లో ఉంటాం. వారాంతాల్లో పల్లెల వైపు నడకకి వెళ్తే గ్రేంజ్ ఫామ్, అబీ ఫామ్, ప్రయరీ ఫామ్ అని బోర్డులు కనిపిస్తున్నాయి. ఇవన్నీ ఒకప్పుడు క్రైస్తవ సన్యాసుల పొలాలేనా? మఠానికి వ్యవసాయంతో పనేంటి? పాత ఫామ్‌హౌస్ వయసు చూసి పోల్చుకోవడం ఎలా? జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు. నాన్నది వ్యవసాయం. ఆయనకి నచ్చే చోట్లు చెప్పండి."

నేను 18 ఏళ్ళుగా ఇక్కడ పాత కట్టడాల మరమ్మతు పనుల్లో ఉన్నాను. ఏ దూలం పుచ్చింది, ఏ గోడ తేమ పట్టింది, ఎంతవరకు తీసి ఎంతవరకు ఉంచాలి అని చూసి చెప్పడం నా ఉద్యోగం. పుట్టింది తెనాలి దగ్గర పల్లెలో. కాబట్టి మీ నాన్నగారు ఏం అడుగుతారో నాకు కొంత ఊహ ఉంది.

సూటిగా చెప్పాలంటే, ఆ బోర్డుల్లో కొన్ని నిజంగానే మఠాలవి. చాలా వాటికి మఠంతో సంబంధమే లేదు. విక్టోరియా రాణి కాలంలో డబ్బున్నవాళ్ళు కొత్త ఇల్లు కట్టుకుని, పేరు పాతగా, గంభీరంగా ఉండాలని "ది గ్రేంజ్" అని పెట్టుకోవడం ఒక మోజు. అందుకే పేరుని నమ్ముకోవద్దు. అందరూ చేసే రెండో పొరపాటు ఏమిటంటే, నేరుగా ఇంటి ముందు నిలబడి ఫోటో తీసుకుని "ఇక్కడ సన్యాసులు ఉండేవారట" అనుకోవడం. ఆ ఇల్లు దాదాపు ఎప్పుడూ సన్యాసులది కాదు, వాళ్ళు పోయాక వచ్చిన కౌలుదారుది, లేదా ఆ కౌలుదారు మనవడిది. సన్యాసుల జాడ మిగిలేది బార్న్‌లో, అంటే పంట పెట్టుకునే పెద్ద కొట్టంలో, నీళ్ళు పారించిన పిల్లకాలువల్లో, ఇప్పుడు ఎండిపోయి పచ్చికలో పల్లంగా కనిపించే చేపల గుంటల్లో.

మఠానికి వ్యవసాయం ఏంటి అన్నారు. ఇంగ్లండ్‌లో పాత బెనెడిక్టైన్ మఠాలు మన దేవస్థానాల మాన్యాల్లాగానే నడిచేవి. రాజులు, జమీందార్లు ఊళ్ళకి ఊళ్ళు దానంగా రాసిస్తే వాటి మీద శిస్తు, ఊరివాళ్ళ వెట్టి, దశమ భాగం అన్నీ మఠానికి వచ్చేవి. 1098లో ఫ్రాన్స్‌లోని సీతో అనే చోట కొందరు సన్యాసులు "ఇది మాకొద్దు" అన్నారు. పరుల చెమట మీద బతకకూడదు, శిస్తులూ దశమ భాగాలూ తీసుకోకూడదు, సొంత చేతులతో పండించుకోవాలి అని నియమం పెట్టుకున్నారు. వీళ్ళే సిస్టర్షియన్లు. ఇంగ్లండ్‌లో వాళ్ళ మొదటి మఠం సర్రీలోని వేవర్లీ, 1128లో. నాలుగేళ్ళకే, 1132లో, యార్క్‌షైర్‌లో రీవో, ఫౌంటెన్స్ మొదలయ్యాయి.

నియమం బాగానే ఉంది, చిక్కంతా టైమ్‌తో. సన్యాసి రాత్రి నిద్ర లేచిన దగ్గర నుంచి పొద్దుపోయేదాకా ఎన్నోసార్లు గుడిలో ప్రార్థనకి నిలబడాలి. పది మైళ్ళ అవతల పొలం దున్నేదెవరు? అందుకే లే బ్రదర్లు అని రెండో వర్గాన్ని తీసుకున్నారు. వీళ్ళూ వ్రతం పట్టినవాళ్ళే, కానీ చదువు రానివాళ్ళు, ఎక్కువమంది రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. ప్రార్థన కొంచెం, పని ఎక్కువ. భోజనశాల వేరు, పడక వేరు, గుడిలో నిలబడే చోటు కూడా వేరు. సమానత్వం మాట పైకి ఎంత చెప్పినా మనకి బాగా తెలిసిన సంగతే ఇక్కడా కనిపిస్తుంది. ఏల్రెడ్ పెద్దగా ఉన్న రోజుల్లో రీవోలో సన్యాసులు 140 మంది, లే బ్రదర్లూ పనివాళ్ళూ కలిపి 500 మంది అని ఆ మఠంలోనే ఉన్న ఒకాయన రాసిపెట్టాడు. ఫౌంటెన్స్ శిథిలాలకి వెళ్తే పడమటి వైపు 300 అడుగుల పొడవున కమానుల కింద ఒక చావిడి ఉంటుంది. ఫోటోల్లో అందరూ పెట్టేది అదే. కింది అంతస్తులో సరుకు నిల్వ, లే బ్రదర్ల భోజనం. పైన వాళ్ళ పడక.

మఠానికి దూరంగా ఉన్న పొలం దగ్గర ఈ లే బ్రదర్లు ఉండి సాగు చేసే కేంద్రమే గ్రేంజ్. మాట పుట్టుక లాటిన్‌లో గింజకి ఉన్న పేరు నుంచి. ఒక చిన్న పడక ఇల్లు, ఒక ప్రార్థన గది, పశువుల కొట్టాలు, ఒక పెద్ద బార్న్, చుట్టూ గట్టు లేదా కందకం. మఠం నుంచి ఒక రోజు నడకలో ఉండాలని నియమం. పండగ రోజు వాళ్ళు మఠానికి వచ్చి తిరిగి వెళ్ళాలి కదా. గొర్రెల కోసం పెట్టినవి, ఆవుల కోసం పెట్టినవి వేరువేరుగా ఉండేవి. పెనైన్ కొండల్లో ఆవుల మందల కేంద్రాలని వ్యాకరీలు అనేవారు. లాటిన్‌లో ఆవు పేరు అందులో ఉంది.

యార్క్‌షైర్ మఠాలకి అసలు డబ్బు ఉన్నిలో వచ్చింది. ఫౌంటెన్స్‌కి వార్ఫ్‌డేల్ లోయలో కిల్న్‌సీ దగ్గర గ్రేంజ్ ఉండేది. అక్కడి నుంచి మాలమ్ వైపు మేత బీళ్ళకి గొర్రెలని తోలుకెళ్ళిన బాట ఇప్పటికీ ఉంది, మాస్టైల్స్ లేన్ అంటారు. రెండు వైపులా రాతి గోడలు, మధ్యలో పచ్చిక, గాలి తప్ప ఇంకేం వినపడదు. ఆ గోడలు సన్యాసుల తర్వాతివి, దారి మాత్రం వాళ్ళదే. ఇటలీ వర్తకులు మఠం మఠానికీ ఉన్ని ధర ఎంతో జాబితాలు రాసుకుని, కత్తిరించక ముందే బయానా ఇచ్చి కొనేవారు. 1193లో రిచర్డ్ రాజు జర్మనీలో బందీగా ఉన్నప్పుడు విడిపించే సొమ్ము కోసం సిస్టర్షియన్ల ఆ ఏటి ఉన్ని మొత్తం పట్టుకెళ్ళారంటే ఆ ఉన్ని విలువ ఊహించుకోండి. ఏకాంతం కావాలని వచ్చినవాళ్ళు చుట్టూ ఏకాంతం లేకపోతే దాన్ని తయారు చేసుకున్నారు కూడా. బైలాండ్ సన్యాసులు వచ్చినప్పుడు అక్కడున్న ఊరినే పక్కకి జరిపించారు. ఆ ఊరు ఓల్డ్ బైలాండ్ అనే పేరుతో కొత్త చోట ఇప్పటికీ ఉంది.

ఇక మీకు అరగంట దూరంలో ఉన్న దాని సంగతి. ఫారింగ్‌డన్ పక్కన గ్రేట్ కాక్స్‌వెల్. పల్లె చిన్నది, బార్న్ ముందు నిలబడితే పల్లె ఇంకా చిన్నదైపోతుంది. లోపలి పొడవు సుమారు 152 అడుగులు, వెడల్పు 44, ఎత్తు 48. కాట్స్‌వోల్డ్ రాతి గోడలు, పైన రాతి పలకల కప్పు. లోపలికి వెళ్ళి కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. రెండు వరసల్లో ఓక్ గుంజలు మనిషెత్తు రాతి దిమ్మెల మీద నిలబడి, మధ్యలో ఒక పెద్ద నడవ, చెరో పక్కన ఒక చిన్న నడవ చేస్తాయి. కప్పు బరువు మోసేది ఈ గుంజలే. ఇనుప మేకుతో నిలబడిన కట్టడం కాదు ఇది. చెక్కకి చెక్క గూడు చెక్కి, చెక్క చీల దిగ్గొట్టి బిగించారు. మన పెంకుటిళ్ళలో దూలానికీ దూలానికీ మధ్య చోటుని అంకణం అంటాం కదా, ఇక్కడివాళ్ళు దాన్నే బే అంటారు. మీ నాన్నగారికి "ఏడంకణాల కొట్టం" అని చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

దాని వయసు 1292 ప్రాంతం. చెట్టు కాండంలో ఏటేటా పడే వలయాల వెడల్పు వానలని బట్టి మారుతుంది. దూలంలోంచి పెన్సిలంత ముక్క తొలిచి తీసి, ఆ వలయాల వరసని తెలిసిన వరసలతో పోల్చి చెట్టు ఏ ఏడు కొట్టారో చెప్తారు. అప్పటి వడ్రంగులు ఓక్‌ని ఆరబెట్టకుండా పచ్చిగా ఉండగానే చెక్కేవారు, ఆరితే ఉలి దిగదు. కాబట్టి చెట్టు కొట్టిన ఏడూ కట్టిన ఏడూ ఇంచుమించు ఒకటే.

ఇక్కడొక తమాషా ఉంది. ఈ బార్న్ కట్టించిన మఠం ఈ చుట్టుపక్కలది కాదు. బ్యూలీ, అంటే హాంప్‌షైర్‌లో న్యూ ఫారెస్ట్ అడవిలో ఉన్న సిస్టర్షియన్ మఠం. కాక్స్‌వెల్ నుంచి దాదాపు 90 కిలోమీటర్లు. ఒక రోజు నడక నియమం ఏమైంది మరి? జరిగిందేమంటే, జాన్ రాజు 1203లో సన్యాసులకి ఫారింగ్‌డన్ దగ్గర భూమి ఇచ్చాడు, మరుసటి ఏడే మఠాన్ని బ్యూలీకి మార్చాడు. మఠం మారింది, ఫారింగ్‌డన్ భూమి మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. అంత దూరపు పొలం మీద లెక్క ఎలా చూసుకునేవారో కూడా తెలుస్తుంది, ఎందుకంటే బ్యూలీ వాళ్ళ 1269-70 నాటి జమాఖర్చు పుస్తకం మిగిలింది. గ్రేంజ్ గ్రేంజ్‌కీ, కమ్మరికీ, తోళ్ళవాడికీ, గొర్రెల కాపరికీ వేరువేరు పద్దులు. నియమాలు పుస్తకంలో ఎంత ఆదర్శంగా ఉన్నా, నూరేళ్ళు దాటేసరికి ఇది పక్కా ఎస్టేటు నిర్వహణ అయిపోయిందని ఆ పద్దులు చూస్తే తెలిసిపోతుంది. నాకు ఆ పుస్తకం మీద బార్న్ మీదకంటే గౌరవం ఎక్కువ.

అంత పెద్ద కొట్టం ఎందుకు అని మీ నాన్నగారు తప్పకుండా అడుగుతారు. మనవాళ్ళు చాలామంది బార్న్ అంటే గాదె లాంటిది, లోపల ధాన్యం పోస్తారు అనుకుంటారు. అలా కాదు. మనకి కోతల తర్వాత పొడి రోజులు. పొలంలో కుప్ప వేసి, కళ్ళం చదును చేసి అలికి, ఎడ్లతో బంతి కట్టి తొక్కించి, గాలి చూసుకుని చేటలతో తూర్పారబడితే కొద్ది రోజుల్లో గింజ ఇంటికొస్తుంది. ఇక్కడ కోత ఆగస్టులో, సెప్టెంబరు దాటితే వాన ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియదు. అందుకని గోధుమ, బార్లీ పనలని అలాగే మోసుకొచ్చి కప్పు కింద కుప్ప వేసేవారు. బార్న్ మన కుప్పకీ కళ్ళానికీ కలిపి కప్పిన కప్పు, అంతే. చలికాలం నాలుగైదు నెలలూ లోపల రోజుకింత చొప్పున, కర్రకి తోలుతో ఇంకో పొట్టి కర్ర వేలాడగట్టిన కొట్టుడు కర్రలతో నూర్చేవారు. కూలీలకి చలికాలం పని, పశువులకి తాజా గడ్డి.

పొడుగు గోడల్లో ఎదురెదురుగా రెండు పెద్ద వాకిళ్ళు ఉండేది కూడా అందుకే. ఒక పక్క నుంచి బండి లోపలికి వచ్చి పనలు దింపి అవతలి పక్క నుంచి పోతుంది. ఆ రెంటి మధ్య నేలే కళ్ళం. తూర్పారబట్టేటప్పుడు రెండు తలుపులూ తెరిస్తే గాలి అడ్డంగా కొడుతుంది, పొట్టు అవతలికి పోతుంది, గింజ కింద పడుతుంది. కాక్స్‌వెల్‌లో చివరి గోడలకి ఉన్న పెద్ద తలుపులు మటుకు తర్వాత పెట్టినవి. నూర్చిన గింజ వేరే చిన్న కట్టడంలోకి వెళ్ళేది. పుట్టగొడుగు ఆకారం రాళ్ళ మీద ఎత్తుగా నిలబెట్టిన చెక్క గదులు పల్లెల్లో చూసే ఉంటారు. గాదె అంటే అది. ఆ రాళ్ళ గొడుగు దాటి ఎలక ఎక్కలేదు. ఇప్పుడు ఆ రాళ్ళని వరసగా తోట ముందు అలంకారానికి పెట్టుకుంటున్నారు, చూసినప్పుడల్లా నాకు రోలు తెచ్చి డ్రాయింగ్ రూమ్‌లో పెట్టినట్టే ఉంటుంది.

ఇంకో అపోహ కూడా తీర్చేస్తాను. పెద్ద పాత బార్న్ కనిపిస్తే చాలు, "టైద్ బార్న్" అని బోర్డు పెడతారు. టైద్ అంటే పంటలో పదో వంతు చర్చికి ఇచ్చే దశమ భాగం. అలా వసూలైన పంట పెట్టుకునే బార్న్‌లు ఉన్నాయి, కానీ పేరున్న పెద్దవాటిలో చాలా వరకు అవి కావు. కాక్స్‌వెల్‌లో పెట్టింది సొంత పంట. బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్‌లో 168 అడుగుల రాతి బార్న్ ఉంది, 14వ శతాబ్దం మొదట్లోది. ఊరంతా టైద్ బార్న్ అనే అంటారు, నిజానికి అది షాఫ్ట్స్‌బరీ సన్యాసినుల మఠం ఎస్టేటు కొట్టం. 1001లో ఎథెల్‌రెడ్ రాజు ఆ ఊరిని వాళ్ళకి రాసిచ్చాడు. అది ఉన్న చోటు పేరు బార్టన్ ఫామ్. బార్టన్ అంటే పాత ఇంగ్లీషులో బార్లీ దొడ్డి, కాబట్టి మ్యాపులో ఆ మాట కనిపిస్తే గ్రేంజ్ కన్నా దాన్ని ఎక్కువ నమ్ముతాను. హీత్రో విమానాశ్రయం ఉత్తరపు అంచున హార్మండ్స్‌వర్త్‌లో 192 అడుగుల చెక్క బార్న్ ఉంది, 1426లో వించెస్టర్ కాలేజీ కట్టించింది. అదీ దశమ భాగం కొట్టం కాదు. ఆ భూమి అంతకు ముందు ఫ్రాన్స్‌లోని రువాన్ నగరపు మఠానిది. హైదరాబాద్ నుంచి దిగే మనవాళ్ళు ఎన్ని వేలమంది దాని పక్క నుంచే వెళ్ళిపోతుంటారో!

ఈ వ్యవస్థ ఎలా ముగిసిందో తెలిస్తే ఫామ్‌హౌస్‌ల సంగతి అర్థమవుతుంది. చాలామంది ఎనిమిదో హెన్రీ ఒక్కసారిగా అంతా పడగొట్టేశాడు అనుకుంటారు. గ్రేంజ్‌లలో సన్యాసుల సొంత సాగు అంతకు చాలా ముందే సన్నగిల్లింది. 1348-49 ప్లేగులో జనం రాలిపోయారు, కూలి పెరిగింది, లే బ్రదర్లుగా చేరేవాళ్ళు దొరకలేదు. మఠాలు గ్రేంజ్‌లని ఒకదాని తర్వాత ఒకటి కౌలుకి ఇచ్చేశాయి. శిస్తులు ముట్టం అన్నవాళ్ళు కౌలు మీద బతకడం మొదలుపెట్టారు. 1536లో ఏటా 200 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న చిన్న మఠాలని రాజు మూసేశాడు, 1540 కల్లా పెద్దవీ అయిపోయాయి. అప్పటికి చాలా గ్రేంజ్‌లలో రెండు మూడు తరాలుగా కౌలుదారులే ఉన్నారు. వాళ్ళకి మారింది ఆసామి పేరు మాత్రమే. ఫౌంటెన్స్ ఎస్టేటుని 1540లో లండన్ వర్తకుడు రిచర్డ్ గ్రెషమ్ కొన్నాడు. మఠాల కప్పుల మీది సీసం కరిగించి పట్టుకెళ్ళారు, రాళ్ళు చుట్టుపక్కల రైతులు బండ్ల మీద తోలుకున్నారు. మామూలు పశువుల కొట్టం గోడలో ఉన్నట్టుండి కిటికీ కమాను ముక్కో, చెక్కిన స్తంభం ముక్కో కనిపిస్తే ఆగి చూడండి. బార్న్ మాత్రం చాలా చోట్ల పడగొట్టలేదు. ఆసామి ఎవరైనా పనలు పెట్టుకోవాలిగా!

ఇల్లు కట్టుకున్నది ఆ తర్వాతి కౌలుదారులే. 1570 నుంచి 1640 దాకా ధరలు పెరిగి, పాత కౌలు రేట్ల మీద ఉన్న రైతులు చేతిలో డబ్బు ఆడి దేశమంతా ఇళ్ళు తిరగగట్టుకున్నారని డబ్ల్యూ. జి. హాస్కిన్స్ అనే చరిత్రకారుడు 1953లో రాశాడు. తేదీలు ప్రాంతాన్ని బట్టి మారతాయని తర్వాతివాళ్ళు సరిదిద్దారు, మొత్తం మీద మాట నిలబడింది. అంతకు ముందు ఇల్లంటే మధ్యలో కప్పుదాకా తెరిచి ఉన్న ఒక పెద్ద గది, నేల మధ్యలో పొయ్యి. పొగగొట్టం లేదు. పొగ వాసాల మధ్య నుంచి, గడ్డి కప్పు లోంచి దానంతట అది పోవాలి. తర్వాత ఇటుక పొగగొట్టం కట్టి, దానితో పాటు పై అంతస్తు వేసుకున్నారు.

అందుకే ఇంటి వయసు తెలుసుకోవాలంటే నేను మొదట అటక ఎక్కుతాను. వాసాలు నల్లగా మసి పట్టి ఉంటే ఆ ఇల్లు పొగగొట్టం లేని రోజులది, మామూలుగా 1500 చుట్టుపక్కలదో ఇంకా పాతదో. బయట చక్కగా వరస కిటికీలతో 18వ శతాబ్దపు ఇటుక ముఖం ఉండొచ్చు, అది పాత ఒంటికి తొడిగిన కొత్త చొక్కా. పక్కగోడ చూడండి, అక్కడ చెక్క చట్రం బయటపడుతుంది. మీరు అటక ఎక్కలేరు కాబట్టి బయటి గుర్తులు చెప్తాను. పొగగొట్టం కప్పు చివర కాకుండా మధ్యలో ఉందా? ముందు తలుపు సరిగ్గా ఆ పొగగొట్టానికి ఎదురుగానో కొంచెం పక్కగానో ఉందా? ఉంటే పాత ప్లాన్ అని అనుమానించవచ్చు. డెవాన్‌లో డార్ట్‌మూర్ మీద ఇంకో రకం ఉంది, లాంగ్‌హౌస్. ఒకే కప్పు కింద ఎగువన మనుషులు, దిగువన పశువులు, మధ్యలో అడ్డ నడవ. నేల వాలుగా ఉంటుంది, పశువుల మూత్రం కిందికి పోయేలా. హైయర్ అపకాట్ అనే ఇల్లు అలాంటిదే, 14వ శతాబ్దపుది, పశువుల భాగం ఇప్పటికీ మార్చకుండా మిగిలింది.

చెక్క చట్రం మధ్య గోడ దేనితో కట్టారో తెలిస్తే నాన్నగారు నవ్వుతారు. హేజెల్ బద్దలతో తడిక అల్లి, దాని మీద మట్టి, గడ్డి, పేడ కలిపి తొక్కి మెత్తి, పైన సున్నం కొట్టారు. మా తాతల ఇంటి వెనక వంటపాక గోడ ఇదే. నేను ఇక్కడ చేరిన కొత్తలో శిక్షణకి వెళ్తే, పేడ ముట్టుకోవడానికి తోటివాళ్ళు రబ్బరు గ్లవ్స్ వెతుక్కుంటుంటే నేను చేయి పెట్టి కలిపేశాను. ఆ రోజు నుంచి అక్కడ నాకొక పరపతి వచ్చింది.

ఈ సందర్భంలో నా గోడు ఒకటి. ఈ ఇళ్ళని చంపుతున్నది వయసు కాదు, సిమెంటు. పాత గోడకి పునాదిలో తేమని ఆపే పొర ఉండదు. నేల తేమ గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూత గుండా బయటికి ఆవిరై పోతుంది. మనవైపు డంగు సున్నంతో కట్టిన పాత లోగిళ్ళు నిలబడిందీ ఇలాగే. దాని మీద సిమెంటు పూస్తే తేమకి దారి మూసుకుపోతుంది. విల్ట్‌షైర్‌లో 17వ శతాబ్దపు ఒక రైతు ఇంటికి ఎప్పుడో 1970లలో గట్టిగా ఉంటుందని నాలుగు వైపులా సిమెంటు కొట్టారు. మేము దాన్ని ఊడదీస్తే గోడ అడుగున ఉన్న దూలం చెరకు పిప్పిలా చేతికొచ్చింది. 300 ఏళ్ళు నిలిచిన ఓక్, 40 ఏళ్ళలో పోయింది. విలియం మారిస్ 1877లో పాత కట్టడాల పరిరక్షణ సంఘం పెట్టినప్పుడు అన్నదీ ఇంచుమించు ఇదే: పాతదాన్ని కొత్తగా చేయకండి, కారుతున్న చోట ఆపండి, పుచ్చినంత మేరకే మార్చండి. ఆయన వేసవి ఇల్లు కెల్మ్‌స్కాట్ మేనర్ కాక్స్‌వెల్‌కి కొద్ది మైళ్ళే. ఇంటికొచ్చిన చుట్టాలని ఆ బార్న్ చూపించడానికి తీసుకెళ్ళేవాడు.

ఎప్పుడైనా పాత ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఇంకొక్క మాట. ఇంగ్లండ్‌లో చారిత్రక జాబితాలో దాదాపు 4 లక్షల నమోదులు ఉన్నాయి. అందులో ఉన్న ఇంటికి అనుమతి లేకుండా కిటికీ మార్చడం కూడా నేరం, జరిమానా కాదు క్రిమినల్ కేసు. ఇంటి ఆవరణలో 1948 జూలైకి ముందు నుంచి ఉన్న కొట్టాలకీ అదే వర్తించవచ్చు. కొన్న తర్వాత టెన్షన్ పడేకంటే ముందే వెతుక్కోండి. జాబితా ఆన్‌లైన్‌లో ఉచితం.

ఇప్పుడు మీ ఊళ్ళో గ్రేంజ్ ఫామ్ అసలుదో కాదో తేల్చుకునే పద్ధతి. ముందు ఆ జాబితా మ్యాపులో ఆ ఫామ్ మీద నొక్కండి. బార్న్ వయసు, కొన్నిసార్లు ఏ మఠానిదో కూడా రాసి ఉంటుంది. తర్వాత స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఇంగ్లండ్ పాత ఆర్డ్నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపులు కూడా ఉచితంగా ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే పాత మ్యాపులో ఆ పేరు లేకపోతే అది తర్వాత మోజుతో పెట్టుకున్న పేరే కావచ్చు, అక్కడితో వదిలేయండి. ఉంటే, చుట్టూ ఉన్న పొలాల పేర్లు, చెరువు గుర్తులు చూడండి. పర్యావరణ సంస్థ విమానం నుంచి లేజర్‌తో తీసిన నేల ఎత్తుపల్లాల చిత్రాలు కూడా అందరికీ తెరిచి ఉన్నాయి. కంటికి కనపడని చేపల గుంటలు, కందకాలు వాటిలో స్పష్టంగా తేలతాయి.

వీటన్నిటికంటే నాకిష్టమైన గుర్తు ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. 1836 చట్టంతో దశమ భాగాన్ని డబ్బుగా మార్చినప్పుడు ఊరూరికీ మ్యాపులు గీసి, ఏ చెక్కకి ఎంత కట్టాలో పట్టికలు రాశారు. జిల్లా రికార్డు ఆఫీసుల్లో దొరుకుతాయి. ఆ పట్టికలో ఒక ఫామ్ మొత్తానికి దశమ భాగం నుంచి మినహాయింపు అని రాసి ఉంటే చెవులు నిక్కబొడుచుకోండి. సిస్టర్షియన్లు తాము సాగు చేసే భూమికి దశమ భాగం కట్టనక్కర్లేదని పోప్ నుంచి మినహాయింపు తెచ్చుకున్నారు. మఠాలు పోయినా 1539 చట్టం ఆ మినహాయింపుని భూమితో పాటు కొత్త యజమానికి ఇచ్చింది. సన్యాసులు పోయి 300 ఏళ్ళు గడిచాక, ఊళ్ళో వాళ్ళ పేరే తెలియని రైతు వాళ్ళ పుణ్యాన పన్ను తప్పించుకున్నాడన్నమాట. మినహాయింపుకి వేరే కారణాలూ ఉండొచ్చు, కానీ గ్రేంజ్ పేరు, మినహాయింపు, చేపల గుంట మూడూ ఒకచోట కలిస్తే నేను పందెం కాస్తాను.

అమ్మానాన్నలతో ఎక్కడికి వెళ్ళాలంటే, మొదట కాక్స్‌వెల్. పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ చేతిలో ఉంది, గంటలో అయిపోతుంది, ఎక్కువ నడక లేదు. ఇంకో రోజు బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్, అక్కడ నది ఒడ్డున కూర్చోవడానికి అమ్మగారికీ బాగుంటుంది. ఒక పూర్తి రోజు ఉంటే ససెక్స్‌లో సింగిల్టన్ దగ్గరి వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియం. రిజర్వాయర్లకీ రోడ్లకీ అడ్డొచ్చి కూల్చబోయిన పాత ఇళ్ళని చెక్క చెక్కా విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. కెంట్ నుంచి అలా తెచ్చిన బేలీఫ్ అనే 15వ శతాబ్దపు రైతు ఇంట్లోకి వెళ్తే మధ్యలో పొయ్యి, పైన మసి వాసాలు, నేను పైన చెప్పిందంతా కళ్ళ ముందు ఉంటుంది. ఎసెక్స్ వైపు చుట్టాలుంటే క్రెసింగ్ టెంపుల్ వదలకండి. టెంప్లర్లు అనే యోధ సన్యాసులు 13వ శతాబ్దంలో కట్టిన రెండు చెక్క బార్న్‌లు, ఒకటి బార్లీది, ఒకటి గోధుమలది, పక్కపక్కనే. 1381 రైతుల తిరుగుబాటులో జనం ఆ ఎస్టేటు మీద పడి దోచుకున్నారు, బార్న్‌లు మాత్రం బతికాయి. హార్మండ్స్‌వర్త్ వేసవిలో కొన్ని ఆదివారాలే తెరుస్తారు, వాళ్ళని విమానం ఎక్కించే రోజుతో కలిసొస్తుందేమో చూసుకోండి. యార్క్‌షైర్ మటుకు ఒక్క రోజులో పెట్టుకోకండి.

మామూలు గ్రేంజ్ ఫామ్‌లు మాత్రం ఇప్పటికీ ఎవరో బతుకుతున్న ఇళ్ళు, నడుస్తున్న పొలాలు. కాలిబాట గుర్తు ఉన్న చోటే నడవండి, గేటు ఎలా ఉందో అలాగే వేసి రండి. రైతు ఎదురైతే పలకరించండి. నాన్నగారు గోధుమ ఎకరాకి ఎంత పండుతుందని అడిగితే చాలు, అరగంట మాట్లాడతాడు, కుదిరితే కొట్టం తలుపు కూడా తీస్తాడు. నాకు అలా మూడుసార్లు జరిగింది.

కాక్స్‌వెల్‌లో పక్క వాకిలి తెరిచి ఉంటే నాన్నగారిని అక్కడ నిలబెట్టండి. గాలి ఎటు నుంచి ఎటు పోతోందో ఆయనే చెప్తారు. మీకు కనిపించిన గ్రేంజ్ ఫామ్ ఏ ఊళ్ళోదో, పక్కన వాగు ఉందో లేదో రాయండి, పాత మ్యాపు తెరిచి చూస్తాను.